కొండల్లో సైకిల్ క్యాంపింగ్: రాత్రి పడకకి ఏం తీసుకెళ్లాలి?

గాలిచక్రం
కొండల్లో సైకిల్ తొక్కుతూ, పొద్దుపోయిన చోట టెంట్ వేసుకోవడం ఈమధ్యే మొదలుపెట్టాను. పగలు ఎంత హాయిగా ఉంటుందో రాత్రి అంత నరకంగా ఉంటోంది. నా స్లీపింగ్ బ్యాగ్ మీద పెద్ద అక్షరాలతో ‘0 డిగ్రీలు’ అని ఉంది. మొన్న 2,400 మీటర్ల ఎత్తులో పడుకుంటే తెల్లవారుజామున చలి 5 డిగ్రీల దగ్గరే ఆగింది. అంటే బ్యాగ్ చెప్పిన లెక్కకి ఇంకా పైనే. అయినా అర్ధరాత్రి మెలకువ వచ్చి మళ్లీ రెప్ప పడలేదు. నడుము, తుంటి దగ్గర మరీ దారుణం. కింద వేసుకున్నది గాలి ఊదే మ్యాట్.

ఇప్పుడు 3,500 మీటర్ల దాకా వెళ్లే ప్లాన్ ఉంది. మైనస్ పది బ్యాగ్ కొనేయమంటారా? కొంటే అది సైకిల్ మీద ఎక్కడ పడుతుంది? టెంట్ మానేసి బివీ (స్లీపింగ్ బ్యాగ్ మీద తొడిగే, వానకి తడవని సంచి) తీసుకో అని ఒకరు, బ్యాగ్ మానేసి క్విల్ట్ (కింది భాగం లేని, దుప్పటిలాంటి పడక) తీసుకో అని ఇంకొకరు. ఎవరి మాట వినాలో తెలియట్లేదు.

చలిపులి
ఆ మ్యాట్ ఆర్ వాల్యూ ఎంత?

గాలిచక్రం
ఎక్కడా రాసి లేదండీ. అన్ని కాలాలకీ పనికొస్తుందని మాత్రం ఉంది.

చలిపులి
అయితే దొంగ దొరికినట్టే. బ్యాగ్ జోలికి ఇప్పుడే వెళ్లకండి.

మీరు పడుకోగానే ఒంటి బరువుకి బ్యాగ్ కింది భాగం నలిగిపోతుంది. మనకి వెచ్చదనం ఇచ్చేది ఈకలో దూదో కాదు, వాటి మధ్య చిక్కుకున్న గాలి. నలిగితే ఆ గాలి ఉండదు కాబట్టి వీపు కింద బ్యాగ్ ఉన్నా లేనట్టే. అక్కడ కాపాడేది మ్యాట్ ఒక్కటే. లోపల పొరలేమీ లేని గాలి మ్యాట్ అయితే, ఆ గాలే లోపల తిరుగుతూ ఒంటి వేడిని తీసుకెళ్లి నేలకి ఇచ్చేస్తుంది. మీరు చెప్పిన నడుము, తుంటి సరిగ్గా బరువు ఎక్కువ పడే చోట్లు.

ఆర్ వాల్యూ అంటే వేడి పోకుండా అడ్డుకునే శక్తికి కొలత. ఎంత ఎక్కువ ఉంటే అంత వెచ్చన. 2018లో ఏఎస్‌టీఎం ఎఫ్3340 అనే ప్రమాణం వచ్చాక వేర్వేరు కంపెనీల మ్యాట్‌లని పక్కపక్కన పెట్టి పోల్చుకునే వీలు కలిగింది. అంతకుముందు ఎవరి లెక్క వాళ్లదే. సున్నాకి అటూ ఇటూ ఉండే రాత్రులకి నేనైతే 4 కంటే తక్కువ ఉన్నదాని మీద పడుకోను. మీరు మైనస్ పది బ్యాగ్ తెచ్చి ఇదే మ్యాట్ మీద వేసుకుంటే పైన చెమట, కింద వణుకు.

బరువులెక్క
చలిపులి గారి మాటే నా మాట. పైగా ఆర్ వాల్యూలు కలుపుకోవచ్చు. 2 ఉన్న ఫోమ్ మ్యాట్ మీద 2.5 ఉన్న గాలి మ్యాట్ వేస్తే దాదాపు 4.5 వస్తుంది. ఉన్నది పారేయక్కర్లేదు.

పెడల్‌రాణి
మ్యాట్ సంగతి సరే, బ్యాగ్ మీద ఉన్న ఆ సున్నా ఏ సున్నా? ఒక్కో బ్యాగ్‌కి మూడు అంకెలు ఉంటాయి. కంఫర్ట్, లిమిట్, ఎక్స్‌ట్రీమ్. 2002లో వచ్చిన యూరప్ ప్రమాణం ఈఎన్ 13537, దాని తర్వాత వచ్చిన అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 23537, రెండింట్లోనూ ఇదే పద్ధతి. కంఫర్ట్ అంటే ఒక సగటు ఆడమనిషి వదులుగా పడుకుని హాయిగా నిద్రపోగల చలి. లిమిట్ అంటే ఒక సగటు మగమనిషి ముడుచుకుని పడుకుంటే ఎలాగో నెట్టుకురాగల చలి. ఎక్స్‌ట్రీమ్ అంటే నిద్ర సంగతి దేవుడెరుగు, ఆరు గంటలు ప్రాణం నిలవడం. బ్యాగ్ మీద పెద్దగా అచ్చు వేసేది చాలాసార్లు లిమిట్. మీ బ్యాగ్ లోపలి వైపు, కాళ్ల దగ్గర చిన్న ట్యాగ్ ఉంటుందేమో వెతకండి.

గాలిచక్రం
ఉంది మేడం! కంఫర్ట్ 5, లిమిట్ 0, ఎక్స్‌ట్రీమ్ మైనస్ 15.

పెడల్‌రాణి
చూశారా. 5 డిగ్రీల రాత్రి అంటే మీ బ్యాగ్‌కి అంచు మీద నడకే. ఇంకో మాట. ఈ అంకెలు తేల్చే పరీక్షలో మనిషంత బొమ్మకి పొడుగు చేతుల లోపలి బట్టలు, మేజోళ్లు తొడిగి, వేడి ఆపే మంచి మ్యాట్ మీదే పడుకోబెడతారు. ఆ మ్యాట్ లేకపోతే ట్యాగ్ మీద ఉన్న అంకె మీకు వర్తించదు. నాలాంటి చలిమనుషులు రాబోయే చలి కంటే కంఫర్ట్ అంకె ఇంకో ఐదు డిగ్రీలు తక్కువ ఉన్న బ్యాగ్ కొనుక్కోవాలి. ఎక్స్‌ట్రీమ్ అంకె చూసి మాత్రం ఎవ్వరూ కొనొద్దు, దండం పెడతాను.

ఘాట్‌రోడ్
లెక్క నేను చెప్తా. ఎత్తు పెరిగిన ప్రతి వెయ్యి మీటర్లకీ సగటున ఆరున్నర డిగ్రీలు పడిపోతుంది. 2,400 నుంచి 3,500కి అంటే దాదాపు 7 డిగ్రీలు తక్కువ. మీకు అప్పుడు 5 ఉంది కదా, అదే కాలంలో, అలాంటి రాత్రే అయితే అక్కడ మైనస్ 2. మబ్బు లేని రాత్రి అయితే ఇంకా దిగుతుంది. కాబట్టి కంఫర్ట్ అంకె మైనస్ 5 దగ్గర ఉన్న బ్యాగ్ చూడండి. కంఫర్టే మైనస్ పది ఉన్నది అవసరం లేదు.

బరువులెక్క
మైనస్ 5 కంఫర్ట్ అంటే ఎంత లావు ఉంటుందో కూడా చెప్పు అన్నా. హ్యాండిల్ బార్ మీద సగం కొండ ఎక్కినట్టు ఉంటుంది.

ఘాట్‌రోడ్
మంచి డౌన్ (బాతుల మెత్తటి ఈక) అయితే అంత ఉండదు. 800 పైన ఫిల్ పవర్ ఉన్నది చూడాలి. ఫిల్ పవర్ అంటే ఒక ఔన్సు డౌన్ ఎన్ని ఘనపు అంగుళాలు ఉబ్బుతుందో ఆ అంకె. 550 డౌన్‌తో అదే వెచ్చదనం కావాలంటే ఎక్కువ ఈక కూరాలి, బరువూ లావూ పెరుగుతాయి. నడిచేవాళ్లకి బరువు ముఖ్యం. సైకిల్ మీద నాకు బరువు కంటే చోటే పెద్ద సమస్య.

వానచినుకు
ఈ డౌన్ భజన ఎప్పుడూ ఉండేదే. తడిస్తే ఏంటి గతి? డౌన్ తడిసిందా, ముద్దగా అంటుకుపోతుంది, వెచ్చదనం సున్నా. నేను తిరిగే కొండల్లో మధ్యాహ్నం దాటితే వాన. వరసగా కొన్ని రోజులు ఎండ ముఖం చూడం. అక్కడ సింథటిక్ దూది బ్యాగ్ తడిసినా కొంతైనా వెచ్చగా ఉంటుంది, త్వరగా ఆరుతుంది. లావు ఎక్కువే, ఒప్పుకుంటాను. అయినా ప్రాణం ముందు.

ఘాట్‌రోడ్
తడవనిచ్చేదెవరు? మూతి మూడు చుట్లు మడిచే డ్రై బ్యాగ్‌లో పెట్టు. వాగులో పడ్డా తడవదు.

వానచినుకు
బయటి నీళ్లు ఎవరైనా ఆపుతారు గురూ. నేననేది లోపలి చెమ్మ. రాత్రంతా ఒంట్లోంచి వచ్చే ఆవిరి బ్యాగ్ పొరల్లోకి వెళ్తుంది. బయట గడ్డకట్టే చలి ఉంటే ఆ ఆవిరి పై గుడ్డ దాటకముందే నీరవుతుంది. పొద్దున్నే అదే తడితో చుట్టి సంచిలో కుక్కుతాం. ఒక్క రాత్రికి తెలియదు, నాలుగు రాత్రులు గడిస్తే బ్యాగ్ ఉబ్బడం తగ్గిపోతుంది. నేను కళ్లారా చూశాను, కాళ్ల దగ్గర కుట్టు గదుల్లో ఈకలన్నీ చిన్న చిన్న ఉండలు కట్టి, మధ్యలో గుడ్డ తప్ప ఇంకేం లేకుండా పోయింది. దీపం ఎదురుగా పెడితే వెలుతురు అవతలికి కనిపించింది.

చలిపులి
ఇద్దరిదీ నిజమే. ఎండ ఉండే పొడి కొండల్లో డౌన్, రోజూ వానలు పడేచోట సింథటిక్. డౌన్ తీసుకెళ్లేవాళ్లు మధ్యాహ్నం తినడానికి ఆగినప్పుడు బ్యాగ్ తీసి సైకిల్ మీద ఆరేయండి. అరగంట ఎండ తగిలితే దూది పరుపులా ఉబ్బుతుంది. ఇంకో పద్ధతి, పల్చటి డౌన్ బ్యాగ్ మీద పల్చటి సింథటిక్ క్విల్ట్ కప్పుకోవడం. ఆవిరి నీరయ్యే చోటు పైనున్న సింథటిక్‌లోకి జరుగుతుంది, లోపలి డౌన్ పొడిగా ఉంటుంది. వేసవిలో ఆ క్విల్ట్ ఒక్కటే సరిపోతుంది.

వానచినుకు
ఇది నాకు నచ్చింది.

నిద్రముఖ్యం
ఫోమ్ మ్యాట్ అని ఊరికే అనేస్తున్నారు గానీ నాలా పక్కకి తిరిగి పడుకునేవాళ్ల గోడు ఎవరికీ పట్టదా? రెండు సెంటీమీటర్ల ఫోమ్ మీద తుంటి ఎముక నేలకి తగులుతుంది. రోజంతా తొక్కి, రాత్రి కూడా ఒళ్లు హూనం చేసుకుంటే మర్నాడు ఘాట్ ఎక్కేదెవరు? మందంగా ఉన్న గాలి మ్యాట్‌కి ఓటు. థర్మారెస్ట్ నియోఎయిర్ ఎక్స్‌లైట్ ఎన్‌ఎక్స్‌టీ చూడండి, ఆర్ వాల్యూ 4.5, మామూలు సైజు 370 గ్రాములు, చుడితే నీళ్ల బాటిల్ అంత. అదే కంపెనీ ఫోమ్ మ్యాట్ జీ లైట్ సోల్ ఆర్ వాల్యూ 2, బరువు 410 గ్రాములు, చోటు ఎన్నో రెట్లు ఎక్కువ.

మబ్బులగుర్రం
పంచర్ అయితే?

నిద్రముఖ్యం
టైరుకి అవ్వదా? అయినా తొక్కడం మానేశామా?

మబ్బులగుర్రం
టైరు పంచర్ వెలుతురులో కనిపిస్తుంది. మ్యాట్ పంచర్ అర్ధరాత్రి వీపుకి రాయి తగిలాక తెలుస్తుంది. ఫోమ్‌కి ఆ టెన్షనే లేదు. మధ్యాహ్నం కునుకుకి పరుచుకోవచ్చు, పొయ్యి దగ్గర కూర్చోవచ్చు, ముళ్ల మీద వేసినా పర్లేదు. లావు ఉన్నా బరువు లేదు కాబట్టి సీటు బ్యాగ్ మీద బయట కట్టేస్తే సరి. తడిసినా నీరు పీల్చదు, దులిపి పడుకోవడమే.

బరువులెక్క
మధ్యేమార్గం: గాలి మ్యాట్, దాని కింద మూడు నాలుగు మిల్లీమీటర్ల పల్చటి ఫోమ్ షీట్. ముళ్ల నుంచి కాపాడుతుంది, జారకుండా పట్టుకుంటుంది, పంచరైన రాత్రి ఏదో ఒకటి ఉందన్న ధైర్యం. మ్యాట్ నోటితో ఊదకండి, ఊపిరిలో తేమ లోపలికి వెళ్తుంది. మ్యాట్ మూతికి తగిలించి నొక్కే గాలి సంచితో నింపండి. చిల్లు దొరక్కపోతే సబ్బు నీళ్లు రాయండి, బుడగలు వచ్చేచోటే ఉంటుంది. అతికే ముందు శుభ్రంగా తుడిచి ఆరనివ్వాలి.

గాలిచక్రం
మ్యాట్ ముందు, బ్యాగ్ తర్వాత. అర్థమైంది. క్విల్ట్ సంగతి?

సూదీదారం
క్విల్ట్ నేను సొంతంగా కుట్టుకుని వాడుతున్నాను. ఎలాగూ నలిగిపోయే కింది భాగాన్ని తీసేయడమే దాని సూత్రం. ఆ మేరకు బరువు, చోటు మిగులుతాయి. కాళ్ల దగ్గర మూసి, పైన దుప్పటిలా తెరిచి ఉంటుంది. వేడిగా ఉన్న రాత్రి కాలు బయట పెట్టుకోవచ్చు. ముడుచుకున్నా, బోర్లా పడుకున్నా అడ్డు చెప్పదు. మోకాళ్లు నొప్పిపుట్టిన రోజు ఒంటికి అతుక్కునే మమ్మీ బ్యాగ్‌లో కట్టేసినట్టు పడుకోవడం నా వల్ల కాదు. కాకపోతే మ్యాట్ చుట్టూ పట్టీలు వేసి క్విల్ట్ అంచులు వాటికి తగిలించాలి, లేకపోతే తిరిగినప్పుడల్లా పక్క నుంచి గాలి దూరుతుంది. తలకి టోపీ ఉండదు కాబట్టి విడిగా మందపాటి హుడ్ తీసుకెళ్లాలి. కొలత దగ్గర పిసినారితనం వద్దు, భుజాలు వెడల్పున్నవాళ్లు వెడల్పు క్విల్టే కుట్టించుకోవాలి.

పెడల్‌రాణి
సున్నాకి పైన క్విల్ట్ బంగారం. కిందకి దిగితే నా ఓటు బ్యాగ్‌కే. మెడ చుట్టూ బిగించుకునే కాలర్, తలకి హుడ్, జిప్ వెనక గాలి ఆపే గొట్టం, ఈ మూడూ ఉన్న బ్యాగ్‌లో గాలి దూరే సందే ఉండదు. నిద్రలో దొర్లే మనిషికి మైనస్ రాత్రి క్విల్ట్ అంటే గంటకోసారి లేచి సర్దుకోవడమే.

సూదీదారం
పట్టీలు సరిగా కడితే ఆ బాధ లేదని నా అనుభవం. కానీ మొదటిసారి 3,500కి వెళ్తున్నవారికి బ్యాగే చెప్తాను. అలవాటు లేని సామాను చలిలో కొత్తగా నేర్చుకోకూడదు.

తెల్లారుజాము
బివీ గురించి నేను. మూడు కారణాల కోసం కొన్నాను: చిన్నది, తేలిక, ఎక్కడైనా పరుచుకోవచ్చు. మంచి రాత్రుల్లో నక్షత్రాలు చూస్తూ పడుకోవడానికి దాన్ని మించింది లేదు. వాన పడితే మాత్రం తడి బట్టలు ఎక్కడ మార్చుకుంటారు? సామాను ఎక్కడ పెడతారు? జిప్ పూర్తిగా మూస్తే లోపల చెమ్మ. పొద్దున చేయి పెట్టి చూస్తే లోపలి గుడ్డకి పల్చగా మంచు పొర, గీకితే పొడిలా రాలి మెడలో పడింది. ఆ తర్వాత పైన చిన్న టార్ప్ (వాన ఆపే గుడ్డ) కట్టడం మొదలుపెట్టాను, వానకి మూయాల్సిన పని లేదు కాబట్టి చెమ్మ చాలా తగ్గింది. సైకిల్‌ని తలకిందులుగా నిలబెట్టి ఒక చక్రానికి టార్ప్ తాడు కట్టొచ్చు, కర్రలు మోయక్కర్లేదు.

ఘాట్‌రోడ్
చెట్లు లేని 3,500లో, గాలివానలో, టార్ప్? నేను రాను బాబోయ్. గట్టి టెంటే కావాలి.

తెల్లారుజాము
గాలికి తక్కువ ఎత్తులో, వాలుగా కట్టాలి. చెట్లు లేని చోటికి టెంటే మంచిదని నేనూ ఒప్పుకుంటాను.

గాలిచక్రం
టెంట్ ఉంచేస్తాను అయితే. దాని కర్రలు హ్యాండిల్ బార్‌లో పట్టట్లేదు, బ్రేక్ లివర్లకి తగులుతున్నాయి.

బరువులెక్క
డ్రాప్ బారా? అదే, రెండు చివర్లూ కిందకి వంగిన హ్యాండిల్?

గాలిచక్రం
అవును.

బరువులెక్క
అదే ఇబ్బంది. డ్రాప్ బార్‌లో వంపుల మధ్య దొరికేది 40 సెంటీమీటర్ల చిల్లర. మామూలు టెంట్ కర్రలు మడిచినా దానికంటే పొడుగే. బిగ్ యాగ్నెస్‌లాంటివాళ్లు సైకిల్ కోసమే 30 సెంటీమీటర్లకి మడిచే కర్రలతో టెంట్‌లు చేస్తున్నారు. ఉన్న టెంట్‌తోనే కానివ్వాలంటే కర్రలు విడదీసి ఫ్రేమ్ బ్యాగ్ (సైకిల్ ఫ్రేమ్ మధ్యలో కట్టే సంచి) లోనో, ఫ్రేమ్ పై గొట్టం పక్కనో కట్టండి. గుడ్డ ఎలా చుట్టినా చుట్టుకుంటుంది.

నా సర్దుడు ఇదీ: హ్యాండిల్ బార్ రోల్‌లో, అంటే ముందు చుట్టి కట్టే సంచిలో, స్లీపింగ్ బ్యాగ్, మ్యాట్. లావుగా ఉండి బరువు లేనివి ముందు ఉంటే స్టీరింగ్ మొద్దుబారదు. సీటు బ్యాగ్‌లో బట్టలు, టెంట్ లోపలి గుడ్డ. తడిసిన టెంట్ పై గుడ్డ మాత్రం బయట, విడిగా. తడి టెంట్‌నీ పొడి బ్యాగ్‌నీ ఒకే సంచిలో ఎప్పుడూ పెట్టొద్దు. ముందు సస్పెన్షన్ ఉన్నవాళ్లు ఫోర్క్ పూర్తిగా కిందకి నొక్కి, టైరు రోల్‌కి తగులుతుందో లేదో చూసుకోవాలి. ఆగి ఉన్నప్పుడు నాలుగు వేళ్ల సందు కనిపిస్తుంది, దిగుడులో గుంత రాగానే టైరు గుడ్డని అరగదీస్తుంది.

మబ్బులగుర్రం
చిన్న ఫ్రేమ్ ఉన్నవాళ్లు సీటు బ్యాగ్ దగ్గర కూడా ఇదే చూసుకోవాలి. వెనక టైరు ఒరుసుకుని బ్యాగ్‌కి చిల్లు పడ్డవాళ్లు నాకు తెలుసు. బ్యాగ్ తోక ఊగితే లోపల బరువైనవి సీటు గొట్టానికి ఆనించి పెట్టండి.

చలిపులి
సామాను సరే, చోటు కూడా సగం పని చేస్తుంది. రాత్రి చల్లగాలి బరువెక్కి లోయలోకి జారుతుంది. వాగు పక్కన పచ్చిక చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, తెల్లారేసరికి టెంట్ మీద మంచు. అక్కడి నుంచి ముప్పై నలభై మీటర్లు పైకి వెళ్తే తేడా ఒంటికే తెలుస్తుంది. చెట్ల కింద మంచు తక్కువ పడుతుంది, ఎండు కొమ్మలు లేని చెట్టు చూసుకోండి.

మబ్బులగుర్రం
బ్యాగ్‌లో బట్టలు లేకుండా పడుకుంటేనే వెచ్చగా ఉంటుందట కదా? పాత క్యాంపర్లందరూ అదే చెప్తారు.

పెడల్‌రాణి
అది ఎంత పాతదో అంత తప్పు. పొడి బట్టల పొర ఎప్పుడూ వెచ్చదనం పెంచుతుంది. రెండు జాగ్రత్తలే. చెమట పట్టిన సైకిల్ బట్టలతో దూరకూడదు, పడకకి విడిగా ఒక జత, పొడి మేజోళ్లు ఉంచుకోవాలి. లోపల జాకెట్ మరీ లావై బ్యాగ్ బిర్రుగా అయితే పైనున్న డౌన్ నలుగుతుంది, అప్పుడు జాకెట్‌ని పైన పరుచుకోవడం మేలు. ముక్కు మాత్రం బయటే ఉండాలి. బ్యాగ్ లోపల ఊపిరి వదిలితే ఆ తడంతా ఈకలకే.

నిద్రముఖ్యం
పడుకునే ముందు ఏదైనా తినండి, ఒంట్లో పొయ్యి వెలగాలంటే కట్టెలు కావాలి. గట్టి ప్లాస్టిక్ బాటిల్‌లో వేడినీళ్లు పోసి తొడల మధ్య పెట్టుకుంటే స్వర్గం. నొక్కి తాగే సైకిల్ బాటిల్ వాడకండి, మూత దగ్గర కారుతుంది. ఒంటికి వస్తే బద్ధకించకుండా లేచి వెళ్లి రండి, బిగబట్టుకుంటే నిద్ర పట్టదు.

ఘాట్‌రోడ్
వేడినీళ్లు కాచేది టెంట్ బయటే. చలిగా ఉందని పొయ్యి లోపల పెడితే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా ఉండవు, తెలిసేలోపే ప్రాణం పోతుంది.

ఇంకో ముఖ్యమైన సంగతి. గాలిచక్రం గారూ, 2,400 నుంచి ఒక్క రోజులో 3,500కి ఎక్కి పడుకునే ఆలోచన ఉంటే మానుకోండి. 3,000 దాటాక పడుకునే ఎత్తు రాత్రికి 500 మీటర్లకి మించి పెంచొద్దని కొండ వైద్యులు చెప్తారు. ఆ ఎత్తులో నిద్రలో ఊపిరి ఆగి ఆగి వస్తూ ఉలిక్కిపడి లేస్తాం. అది చలి కాదు, ఎంత మంచి బ్యాగ్ ఉన్నా ఆగదు. తలనొప్పి, వాంతులు మొదలైతే ఇంకా పైకి వెళ్లొద్దు. తగ్గకుండా ముదిరితే, నడక తూలితే, రాత్రయినా సరే కిందకి దిగాల్సిందే.

గాలిచక్రం
ఇది అసలు ఆలోచించలేదు. మధ్యలో 3,000 దగ్గర ఒక రాత్రి పెట్టుకుంటాను. మ్యాట్ 4.5 ఉన్నది, దాని కింద పల్చటి ఫోమ్, మైనస్ 5 కంఫర్ట్ డౌన్ బ్యాగ్, ఉన్న టెంట్. కర్రలు ఫ్రేమ్ బ్యాగ్‌లోకి.

సూదీదారం
కొన్నాక ఇంట్లో బ్యాగ్‌ని కుక్కి ఉంచకండి. పెద్ద వదులు సంచిలో పెట్టండి, లేకపోతే కొన్నాళ్లకి ఉబ్బదు. వెళ్లే ముందు ఒక చల్లటి రాత్రి మేడ మీద పడుకుని చూడండి.

గాలిచక్రం
తప్పకుండా. రాత్రి బ్యాగ్‌లో ఇంకేమైనా పెట్టుకోవాలా?

వానచినుకు
నీళ్ల ఫిల్టర్. సన్నటి గొట్టాలున్న రకం ఒకసారి వాడాక లోపల తడి ఉండిపోతుంది. అది గడ్డకడితే గొట్టాలు చిట్లుతాయి, బయటికి ఏమీ కనిపించదు, వడగట్టడం మాత్రం ఆగిపోతుంది. చిన్న కవర్‌లో చుట్టి కాళ్ల దగ్గర పెట్టుకోండి.

బరువులెక్క
ఫోన్, పవర్ బ్యాంక్, సైకిల్ లైట్ కూడా. చలికి బ్యాటరీ త్వరగా దిగిపోతుంది. మర్నాడు వేసుకునే చేతి గ్లవ్స్ కూడా లోపలే పెట్టుకోండి, పొద్దున్నే బ్రేకులు పట్టాలి కదా.